పరుపుల గదిలో పదకొండు నిమిషాలు

మాది దూదేకుల ఇల్లు. వనపర్తిలో మా నాయిన నడిపే పరుపుల దుకాణం వెనక ఒక పొడుగాటి గది ఉంది. కుట్టిన పరుపులన్నీ గోడల వెంట పైకప్పు దాకా పేర్చి అందులోనే పెడతాం. మధ్యలో ఒక కుర్చీ, ఒక మైకు పట్టేంత జాగా మిగులుతుంది. ఆ కుర్చీలో కూర్చొని నేను గిటారు వాయిస్తాను. చప్పుడు గోడలకు తగిలి తిరిగి రాకుండా స్టూడియోల వాళ్లు ఏవేవో మెత్తలు అతికిస్తారు. మాకవి పుట్టినప్పటి నుంచీ ఇంట్లోనే ఉన్నాయి. ఆ గదిలో చిటిక వేస్తే చిటిక ఒక్కటే వినిపిస్తుంది.

నేను వాయించేది ప్రోగ్రెసివ్ రాక్. అదేమిటో ఎవరికైనా చెప్పాల్సి వస్తే నాకు ఒళ్లు మండుతుంది. పల్లవి ఉండదు, చరణం ఉండదు, నా వాటిలోనైతే మాటలే ఉండవు. ఐదు లెక్కన నడిచే తాళం చెప్పాపెట్టకుండా ఏడుకు మారుతుంది. పెళ్లైన కొత్తలో మా ఆవిడకు వినిపిస్తే చివరిదాకా మర్యాదగా కూర్చుంది. "మంచిగుంది. పాటెప్పుడు మొదలైతది?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు వెతుక్కుంటున్నాను.

అసలు సిగ్గుచేటు సంగతి వేరే ఉంది. ఆరేళ్లలో ఒక్కటీ పూర్తి చేయలేదు. ల్యాప్‌టాపు నిండా మొదలుపెట్టి వదిలేసినవే. నా పనిలో తప్పులు వెతకడం మొదలుపెడితే ఇక నన్నెవరూ ఆపలేరు. చివరికి ఈ ఏడు మా ఆవిడ ముందు ఒట్టు పెట్టుకున్నాను. నలభై నిండేలోపు ఒక్కటైనా పూర్తిచేసి నలుగురికీ వినిపించాలి, లేదంటే గిటారు ఎవరికైనా ఇచ్చేసి బుద్ధిగా పరుపులు కుట్టుకోవాలి. అప్పటికి నలభైకి ఇంకా నాలుగు నెలలే ఉన్నాయి. "నువ్వు ఒట్టు వెట్టినవంటే నాకు భయమైతది" అంది ఆమె.

మాఘమాసంలో మొదలుపెట్టాను. మధ్యాహ్నం నాయిన నమాజుకు పోయినప్పుడు దూది ఏకే మిషన్ ఆగుతుంది. ఆ ముప్పావు గంటే నాది. కొద్దికొద్దిగా, రోజుకో ముక్క చొప్పున రికార్డు చేసుకుంటూ పోయాను. సరిగ్గా ఆఖరి తీగ మోగుతున్నప్పుడు నాయిన తిరిగి వచ్చేవాడు. తలుపు తీసి, గడప మీద నిలబడి, ఒక్కసారంటే ఒక్కసారి చప్పట్లు చరిచేవాడు. ఎలుకల కోసమేమో అనుకునేవాణ్ణి. "నాయినా, రికార్డింగ్ నడుస్తుంది!" అని అరిచేవాణ్ణి. "నడ్వనీ" అని వెళ్లిపోయేవాడు. నేను పళ్లు నూరుకుంటూ ఆ చప్పుడు కత్తిరించి పక్కన పెట్టేవాణ్ణి. కోపంలో కూడా దేన్నీ పారేయలేని మనిషిని.

వైశాఖానికి పదకొండు నిమిషాలు చేతికొచ్చాయి. ఇక మిక్సింగు. అంటే విడివిడిగా వాయించిన ముక్కల్ని ఒకచోట చేర్చి, ఏది ముందు వినపడాలో ఏది వెనక ఉండాలో సర్దడం. మొత్తం ఒకసారి వరసగా విన్నాను.

మొదటి మూడు నిమిషాల్లో గిటారు చెవి పక్కనే కూర్చొని చెప్పినట్టుంది. పోనుపోను దూరం జరిగింది. ఆఖరుకు వచ్చేసరికి ఖాళీ బడిలో వాయించినట్టు గణగణలాడింది. మైకు అదే, గిటారు అదే, కుర్చీ కూడా జరగలేదు. ఎక్కడ పొరపాటు జరిగిందో తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది. మాఘం నుంచి వైశాఖం దాకా పెళ్లిళ్లు. పెళ్లిళ్లంటే పరుపులు. నేను కళ్లు మూసుకొని వాయిస్తున్న ఆ మూడు నెలలూ నా చుట్టూ ఉన్న గోడలు ఒక్కొక్కటే అమ్ముడుపోతూ వచ్చాయి. ఆ పరుపుల్ని బండికెక్కించింది కూడా నేనే. పరుపుల వ్యాపారి కొడుకు చేయాల్సిన తప్పేనా ఇది!

సరిచేయడానికి ఎన్ని తిప్పలు పడ్డానో. మొదటి భాగానికి కంప్యూటరులో దొంగ ప్రతిధ్వని తగిలిస్తే బావిలోంచి వచ్చినట్టు తయారైంది. ఆఖరి భాగాన్ని మళ్లీ వాయిద్దామని ఇంట్లో బొంతలన్నీ తెచ్చి గదిలో వేలాడదీశాను, ఏ మూలకూ చాలలేదు. గది మళ్లీ నిండాలంటే కొత్త పత్తి రావాలి, అంటే దసరా దాటాలి. నా నలభై మాత్రం జ్యేష్ఠంలోనే నిండుతుంది. నిజంగా ఏడుపొచ్చింది. గిటారు సంచిలో పెట్టి జిప్పు వేసేశాను.

ఆ వారమే ఇటిక్యాలకు ఆఖరి పెళ్లి సరుకు వేసుకొని ట్రాలీ ఆటోలో బయల్దేరాం. నేను నడుపుతున్నాను, పక్కన నాయిన. పాటను నాసిరకం స్పీకర్లలో వింటే తప్పులు బయటపడతాయంటారు. మా బండి స్పీకర్లను మించిన నాసిరకం ఎక్కడా ఉండదు. పెబ్బేరు దాటాక, ఎలాగూ వదిలేసేదే కదా, చివరిసారి విందామని పెట్టాను. నాయిన కిటికీలోంచి చేలు చూస్తున్నాడు. బీచుపల్లి వంతెన ఎక్కేసరికి ఒక్కసారిగా ఇటు తిరిగాడు.

"ఆగు. జర ఎన్కకు పెట్టు."

పెట్టాను. మళ్లీ విన్నాడు.

"ఇంతదాంక గది నిండుగుంది. ఈడికెల్లి కిటికీ దిక్కు ఖాళీ అయింది. అచ్చంపేటోళ్లు పరుపులు తీస్కవోయినంక కొట్టినవ్ ఇది."

వంతెన దిగగానే బండి పక్కకు ఆపేశాను. "నీకెట్ల తెల్సు నాయినా?"

"తెల్వకేంది? దినాం సప్పట్లు కొట్టి వింట గద. నిండుగుంటె సప్పుడు ఆడికాడనే చస్తది. ఖాళీ అయితె తిరిగొస్తది. సరుకెంతుందో ఎర్కైతది, దానికి పోయి ఒక్కో పరుపు లెక్కవెడ్తరా?"

చిన్నప్పుడు ఆయన దూది ఏకే విల్లు భుజాన వేసుకొని ఊళ్లు తిరిగినవాడు. దూదికి తేమ తగిలిందా లేదా అన్నది విల్లు తీగ చప్పుడును బట్టే చెప్పేవాడట. ఆ చెవుల పక్కన ఆరేళ్లు కూర్చొని, ఒక్కసారి కూడా ఏదీ వినిపించలేదు నేను.

"అందుకే చెడిపోయింది నాయినా. మొదలొక తీరుంది, ఆఖరొక తీరుంది."

"చెడిపోవుడేంది? సరుకంత పోయింది. గది మోగితె నాకు పానం నిమ్మలమైతది. నువ్వేమో దాన్ని దాస్తనంటవ్."

ఆ మాటతో నా పరేషాన్ అంతా దిగిపోయింది. ఇంటికి రాగానే దొంగ ప్రతిధ్వనులన్నీ తీసేశాను. కత్తిరించి పక్కన పెట్టిన నాయిన చప్పట్లు వెతికాను. మాఘంలో మొదటి రోజుది పొడిగా, దూదిలో దిగబడినట్టుంది. దాన్ని పాటకు ముందు పెట్టాను. వైశాఖంలో ఆఖరి రోజుది గది నాలుగు మూలలూ తిరిగి వచ్చింది. దాన్ని చివరి తీగ తర్వాత పెట్టాను. మధ్యలో గది ఖాళీ అవుతున్నట్టు ఖాళీ కానిచ్చాను. మాస్టరింగు, అంటే ఏ స్పీకరులోనైనా ఒకేలా వినపడేట్టు ఆఖరి మెరుగు పెట్టడం, రెండు మధ్యాహ్నాల్లో అయిపోయింది.

నలభై నిండడానికి తొమ్మిది రోజుల ముందు దుకాణంలో గల్లా మీద స్పీకరు పెట్టి ఉన్నవాళ్లందరికీ మొత్తం వినిపించాను. మా ఆవిడ నిలబడే విన్నది. ఈసారి పాటెప్పుడు మొదలవుతుందని అడగలేదు. ఆఖరి చప్పట్ల మోత తగ్గేదాకా నాయిన కళ్లు మూసుకొనే ఉన్నాడు.

"ఖాళీ అయింది" అన్నాడు కళ్లు తెరిచి. "దసరా దాటినంక నింపుతం గద. అప్పుడింకోటి మొదలువెట్టు. ఈసారి ఖాళీ కాడికెల్లి నిండేదాంక కొట్టు."