బంతిపూలు రాలిన దారి

ఈ సాయంత్రం గుడికి సమర్పించవలసిన బంతిపూల గంపను కారు పైన కట్టుకొని, పాల్వంచ నుండి భద్రాచలం బయలుదేరాను. అడవి దారిలో అరవై వేగానికి అనుమతి ఉన్నా నేను ముప్పై దాటను. వెనుక ఒక జీపు హారన్ కొట్టకుండా, దాటిపోకుండా చాలా దూరం వచ్చింది. అద్దంలో చూసి, ఎంతటి సహనవంతులో అని మెచ్చుకున్నాను.

సారపాకలో టీకి ఆగితే జీపూ ఆగింది. ఒకతను దిగి నా కారులోకి తొంగి చూశాడు.

"ఈ కార్ల శవం లేదా సారూ?"

"లేదు నాయనా, ఎందుకడిగావు?"

"పూలు రాలవట్టె, బండి మెల్లగ పోవట్టె. శవాన్ని తీస్కపోతున్నరనుకున్నం. దాటిపోవద్దంటరు గద, గందుకే ఎనకనే వచ్చినం. బూర్గంపాడుల మా అమ్మ ఆఖరిచూపుకు పోతున్నం."

అడవి దాటి సిగ్నల్ అందినందున అప్పుడే అతని ఫోను మోగింది. విని, నెమ్మదిగా జేబులో పెట్టుకున్నాడు.

"పొద్దుగూకుతున్నదని అమ్మను మట్టి చేసిండ్రట. మీ తప్పేంది సారూ, మేమే అడగకపోతిమి."

నా కారులో లేని శవానికి వారిచ్చిన మర్యాదను నేను సహనమనుకున్నాను. గుడి ముందు దించేసరికి గంప సగమే ఉంది. దారిలో రాలిన పూలు ఆ తల్లికే చేరాయనుకోవచ్చునా? మీరైనా చెప్పండి.