పళ్ల డాక్టరు సైటులో టైర్లు

మంగళవారం ఉదయం పళ్ల డాక్టరు వెబ్‌సైటు ముప్పావుగంట సేపు టైర్లు అమ్మింది. "పాతవి పీకేసి, మీరు చూస్తుండగానే కొత్తవి బిగిస్తాం" అని మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉంది.

ఆ సైటు చూసుకునేది వీధిలో అందరూ ఫోల్డరక్క అని పిలిచే ఆవిడ. ఒకప్పుడు ప్రింటింగ్ ప్రెస్సులో విజిటింగ్ కార్డులు కంపోజ్ చేసేది. ప్రెస్సు మూతపడ్డాక పాత ఖాతాదార్లే "కార్డు చేసిన చేత్తోనే మాకో వెబ్‌సైటు కూడా చేసిపెట్టమ్మా" అన్నారు. చేసిపెట్టింది. ఆఫీసంటూ లేదు. వంటింటి గుమ్మం పక్కన బల్ల, దాని మీద కంప్యూటరు, అందులో బ్రౌజరు. సైట్ల ఫైళ్లను తమ సర్వర్లో ఉంచే హోస్టింగ్ కంపెనీ పేజీలో లాగిన్ అయితే ఫైల్ మేనేజర్ తెరుచుకుంటుంది. ఎక్కించడం, దించడం, దిద్దడం అంతా అక్కడే. ఇంట్లో కాపీ పెట్టుకోదు. "సర్వర్లో ఉన్నాక ఇంట్లో ఎందుకు, దుమ్ము పట్టడానికా?" అంటుంది.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ఏ దుకాణానిది తెరిచినా ఫైల్ మేనేజర్ ఒకేలా ఉంటుంది: అవే పసుపు ఫోల్డర్లు, అవే పేర్లు. అందుకని రోజూ పొద్దున్నే ట్యాబులు ఒకే వరసలో తెరుస్తుంది. ఎడమ నుంచి మొదటిది పెద్దోడు, అంటే డాక్టరు. రెండోది నడిపోడు, టైర్ల షాపు. మూడోది చిన్నోడు, డ్రైవింగ్ స్కూలు. పేరు చదవదు, వరస చూసి నొక్కుతుంది. కన్నతల్లి పిల్లల మొహాలు పట్టి పట్టి చూస్తుందా?

ఆ రోజు ఆమెకంటే ముందు అత్తగారు లేచింది. దవడ పన్ను సలుపుతోంది. డాక్టరు ఎన్నింటికి వస్తాడో చూద్దామని బ్రౌజరు తెరిచి, ఆయన పేజీ పెట్టుకుని, సగం చదివి ఉప్పునీళ్లు పుక్కిలించడానికి వెళ్లింది. కోడలు వచ్చి కూర్చుని, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, అలవాటు ప్రకారం మూడు ట్యాబులూ తెరిచింది. అత్తగారి ట్యాబు ముందే ఉండడంతో పెద్దోడు రెండో స్థానానికి జరిగాడు. టైర్ల షాపు కొత్త పేజీని ఈమె నడిపోడనుకుని పెద్దోడి నెత్తిన ఎక్కించింది. "ఇదే పేరుతో ఫైలు ఉంది, దాన్ని తీసేసి ఇది పెట్టమంటారా?" అని ఫైల్ మేనేజర్ అడగనే అడిగింది. అది రోజూ అడుగుతుంది. ఈమె రోజూ సరే అంటుంది.

కాసేపటికి టైర్ల షాపాయన ఫోన్ చేశాడు.

"మేడమ్, మన పేజీ మారనే లేదు. కానీ ఎవరెవరో ఫోన్ చేసి కదులుతోంది, కదులుతోంది అంటున్నారు."

"మీరేమన్నారు?"

"బండి తీసుకురమ్మన్నాను. ముందుదా వెనకదా అని కూడా అడిగాను."

"వాళ్లేమన్నారు?"

"వెనకదేనట, ఎడం వైపు. అన్నం నమలలేకపోతున్నారట."

ఫోల్డరక్క కొత్త ట్యాబులో డాక్టరు సైటు తెరిచి చూసింది, నిండా టైర్లే. డాక్టరు పోయిన వారమే క్లినిక్కు మార్చాడు. కొత్త అడ్రసు, దారి, వేళలు ఆయన చెబుతుంటే నేరుగా సర్వర్లోనే టైపు చేసింది. హోస్టింగ్ వాళ్ల దగ్గరున్న బ్యాకప్పు అంతకుముందుది. అది పెడితే రోగులు తాళం వేసిన పాత బిల్డింగు ముందు దవడ పట్టుకుని నిలబడతారు. పైగా డాక్టరు పోయినసారే హెచ్చరించాడు: "ఇంకొక్క పొరపాటు జరిగితే మా బామ్మర్దికి అప్పజెబుతానమ్మా. వాడు ఖాళీగానే ఉన్నాడు."

అప్పుడే అత్తగారు వచ్చి మౌస్ పట్టుకుంది. "నా డాక్టరెక్కడ అమ్మాయ్?" అంటూ మొదటి ట్యాబు నొక్కింది. కొత్త అడ్రసుతో సహా డాక్టరు పేజీ చెక్కుచెదరకుండా ప్రత్యక్షమైంది. పొద్దున తెరిచింది తెరిచినట్టే ఉంది, మళ్లీ లోడ్ చేస్తే తప్ప మారదు.

"అత్తయ్యా, కదలకండి!"

"ఏమైందే, పామా?"

"ఆ గుండ్రటి బాణం నొక్కారంటే నా కొంప మునుగుతుంది. చెయ్యి తీయండి."

"ముందు నాకు అపాయింట్‌మెంట్ తీసుకుంటానని చెప్పు, తీస్తాను."

"ఇవాళే తీసుకుంటాను."

"మధ్యాహ్నం లోపల."

"లోపలే! మీకు పుణ్యముంటుంది, తీయండి."

తీసింది. కోడలు ఆ పేజీని సేవ్ చేసి, ఈసారి ట్యాబు పేరు పైకి చదివి మరీ, డాక్టరు ఫోల్డర్లోకి ఎక్కించింది. టైర్లు టైర్ల దగ్గరికి వెళ్లాయి.

అత్తగారు డాక్టరు కుర్చీలో కూర్చోకపోతే అది అక్కడితో ముగిసేదే. మత్తుమందు పట్టేలోపు దొరికిన కాస్త వ్యవధిలో, "మా కోడలు ఎంత తెలివైందనుకున్నారు" అని మొదలుపెట్టి ఆవిడ మొత్తం చెప్పేసింది. పన్ను పీకాక డాక్టరు ఫోన్ చేశాడు.

"ఏమ్మా, చూస్తుండగానే బిగిస్తాం అని పెట్టావట?"

"పొరపాటైపోయింది సార్."

"నా దగ్గర ఎవరూ చూడరమ్మా, కళ్లు గట్టిగా మూసుకుంటారు."

"మరి... సైటు మీ బామ్మర్దికేనా సార్?"

"ఇప్పుడే ఫోన్ చేశాను వాడికి. ఇంకా నిద్ర లేవలేదట. నువ్వే చూడు. కానీ ప్రతి శనివారం ఫైళ్లన్నీ కాపీ తీసి నాకు మెయిల్ చెయ్యాలి."

చేస్తోంది. పదకొండు కాపీలు వెళ్లాయి. పన్నెండోది తిరిగొచ్చింది, డాక్టరు మెయిల్‌బాక్సు నిండిపోయిందట.