మిద్దె మీది రాళ్లు

నా చిన్నప్పుడు, కోసిగి దగ్గర మా ఊళ్లో, ఒక ఎండాకాలమంతా నేను రాళ్లు మోశాను. వంకలో ఏరిన గుండ్రాళ్లను గంపకెత్తుకుని మా మట్టిమిద్దె మీదికి చేర్చేదాన్ని. వంక నీళ్లను చేనికి మళ్లించే గట్టు దగ్గర మా నాయనకూ, ఎదురింటి పెదనాయనకూ తగాదా వచ్చింది. వాళ్లిద్దరూ అన్నదమ్ముల బిడ్డలు. పసితనంలోనే తల్లి పోతే ఆ పెదనాయనను పెంచింది మా నాయన తల్లి, మా అవ్వే. అయినా మాటామాటా పెరిగింది. ఒకనాడు తెల్లవారి చూస్తే మా గట్టు తెగి ఉంది. వాళ్లు మీదికొస్తే పైనుంచి విసరడానికే ఆ రాళ్లు.

"మన మిద్దె జూసి వాళ్లు జంకల్ల. జంకితే కొట్లాటే ఉండదు," అనేవాడు మా నాయన. ఆయన కొట్లాట కోరే మనిషి కాదు. ఆ మాట నిజమేనని నాకూ అనిపించింది. రాళ్లు పేర్చిన తరువాత గట్టు జోలికి ఎవరూ రాలేదు. కానీ కొద్ది రోజుల్లోనే ఎదురింటి మిద్దె మీదా రాళ్లు లేచాయి. వాళ్ల కుప్ప పెరిగితే మాదీ పెరిగేది. చేనికి పోవాల్సిన మగవాళ్లు కాపలా అంటూ ఇంటిపట్టునే ఉండిపోయారు. ఎప్పుడూ నాకు జడలు అల్లే ఎదురింటి అక్క తల దించుకుని పోయేది. ఎవరూ ఎవరినీ కొట్టకుండానే సందంతా భయం నిండింది.

ఒక పొద్దున, ఆరబోసిన జొన్నల కోసం మా మేక మెట్లెక్కి మిద్దె మీదికి పోయింది. దాని కాలు తగిలి ఒక రాయి దొర్లి సందులో పడింది. నీళ్లు తెస్తున్న ఎదురింటి అక్క చంకలోని కడవ పగిలింది. ఆమె కేక పెట్టింది. మొదలుపెట్టినారని ఎవరో అరిచారు. అంతే, రెండు మిద్దెల మీదికీ మగవాళ్లు ఎక్కేశారు. మేక తోసిందని మా అవ్వ మొత్తుకుంటూనే ఉంది, వినేవాళ్లు లేరు. అప్పుడామె సందు మధ్యకు పరుగెత్తి, ఆ అక్కను ఒళ్లోకి పొదువుకుని నేల మీద కూర్చుంది. చేయి దాటిన రాయి ఒకటి వచ్చి ఆమె భుజానికి తగిలింది. ఏ మిద్దె మీది నుంచి వచ్చిందో నేను చూడలేదు. ఆమె చూసిందేమో, బతికినన్నాళ్లూ చెప్పలేదు.

రెండు వైపులా చేతులు ఆగాయి. పెదనాయనే ముందు దిగివచ్చి ఆమెను లేపాడు.

ఎమ్మిగనూరులో కట్టు కట్టించుకుని వచ్చిన రోజే అవ్వ రాళ్లు దింపమంది. "ముందు వాళ్లను దింపమను మా," అన్నాడు నాయన. ఆమె ఎదురింటికి పోయి అడిగింది. అక్కడా అదే మాట. తిరిగొచ్చి ఎవరితోనూ వాదించకుండా, బాగున్న చేత్తో ఒక్కొక్క రాయే దింపడం మొదలుపెట్టింది. నేనూ గంప పట్టుకున్నాను. నాయన గడప మీద కూర్చుని చూశాడు. ఆపలేదు, సాయమూ పట్టలేదు. కొన్నాళ్లకు ఎదురింటి కుప్ప కూడా తగ్గింది, పూర్తిగా కాదు.

ఆ చలికాలంలో మా గడ్డివామి కాలిపోయింది. ఎవరి పనో తేలలేదు. మేత లేక ఎద్దులను అమ్మాల్సి వచ్చింది. పలుపులు విప్పుతూ నాయన అన్నాడు: "సూసినావా మా. ఆ కుప్ప ఉండింటే ఎవడన్నా ఈ పక్క వచ్చుండునా?"

అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "గడ్డి కాలిందప్పా, మనిషి కాలలేదు. ఆ పొద్దు ఎన్ని పీనుగులు లేస్తుండెనో నువ్వే సెప్పు."

నాయన పలుపులు చేతికి చుట్టుకుని ఎద్దులను సందులోకి నడిపించాడు.

ఇప్పుడు మా మనవడు నాకు పేపరు చదివి వినిపిస్తుంటాడు. మన దేశం కొత్త విమానాలు కొంటోందనీ, ఇక మన మీదికి వచ్చే ధైర్యం ఎవరికీ ఉండదనీ వాడికి సంబరం. కాదనలేను. ఖాళీ కొట్టం ముందు నిలబడ్డ మా నాయన ముఖం నేను మరిచిపోలేదు. అవుననీ అనలేను. అవతలి వాళ్లేం చేస్తున్నారో కూడా రాశారేమో చూడమని మాత్రం అడుగుతాను. వాడు పేజీ తిప్పి వెతుకుతాడు. అక్కడ ఉంటుంది, వాళ్లూ కొంటున్నారని.