యాభై తర్వాతి అంకె

ఆర్డిత్ స్కోగెన్‌కి తన చెవులంటే మహా గర్వం. ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో కూర్చున్న మనిషి. సరదాకి ఊళ్ల మధ్య సందేశాలు అందించే మా హామ్ రేడియో బృందంలో ఎవరైనా "మళ్ళీ చెప్పండి" అంటే చాలు, "చెవుల్లో దూది తీసెయ్యవయ్యా!" అని ఏడిపించేది. తను మాత్రం ఎన్నడూ ఎవరినీ అడిగి ఎరగదు.

ఆమెది నార్త్ డకోటా, నాది మిన్నెసోటా. ఏటా క్రిస్మస్ ముందు మా చర్చి సంతలో బల్ల వేసుకుని, జనం దూరాన ఉన్నవాళ్లకి పంపే శుభాకాంక్షలు ఉచితంగా రాసుకుంటాను. మాకో అచ్చు కార్డుంది, ఒక్కో మాటకి ఒక్కో అంకె. రేడియోలో అంకె మాత్రమే చెప్తాం. అవతల అందుకున్నవాళ్లు కార్డు చూసి, అసలు మాట చేరాల్సినవాళ్లకి ఫోన్లో చదివి వినిపిస్తారు.

డెబ్భై ఎనిమిదిలో సోల్వెగ్ టాంగెన్ నా బల్ల దగ్గరికొచ్చింది. మొగుడు ఎల్మర్‌ని ఆర్డిత్ వాళ్ల ఊళ్లో వదిలేసి మా ఊరొచ్చి అప్పటికి పదకొండేళ్లు.

"ఆయనకి ఏదో ఒకటి పంపు హాల్వర్. మరీ ప్రేమ ఒలకబోయకు" అంది.

యాభై ఒకటి రాశాను. రేడియో ద్వారా శుభాకాంక్షలు. అంతే, పొడిపొడిగా.

ఆ మధ్యాహ్నం రేడియోలో ఒకటే గరగర. నా ముందింకా నలభై కాగితాలున్నాయి, గబగబా చదివేశాను. ఆర్డిత్‌కి యాభై వినపడింది, తర్వాతి అంకెకి 'న్' అనే తోక మాత్రమే వినపడింది. ఇంగ్లీషులో వన్‌కీ సెవెన్‌కీ తోక ఒకటే. ఏడు అని రాసుకుంది. యాభై ఏడంటే, మనం కలిసి ఉంటే ఎంత బాగుండును.

ఫోన్లో అది వినగానే ఎల్మర్ ఇంకోసారి చదవమన్నాడట. మూడుసార్లు చదివించుకున్నాడట. మర్నాడు పొద్దున్నే, మంచు తుఫానని అందరూ మొత్తుకుంటున్నా కారు తీశాడు. మా ఊరికి ముప్పై మైళ్ల అవతల, మంచులో కూరుకుపోయిన కారులో రెండ్రోజులకి శవమై దొరికాడు.

పొడి శుభాకాంక్షలకే తుఫానులో ఎవరు బయలుదేరతారని నాకు అనుమానం వచ్చి ఆర్డిత్‌కి ఫోన్ చేశాను. ఏ అంకె రాసుకుందో చెప్పింది. ఒళ్లు మండిపోయింది.

"ఒక్కసారి అడిగితే నీ సొమ్మేం పోయింది?" అని అరిచాను.

ఆ గరగరలో నేనే రెండుసార్లు చదవాల్సిందని ఆ తర్వాత తట్టింది.

"సోల్వెగ్‌తో నేనే చెప్తాను" అంది ఆర్డిత్.

అంత్యక్రియలకి వచ్చింది. అవి అయ్యాక సోల్వెగ్ వంటింట్లో ముగ్గురం కూర్చున్నాం. ఆర్డిత్ నోరు తెరవబోతుండగా సోల్వెగే అందుకుంది.

"నేను పంపింది ఉత్త శుభాకాంక్షలే కదా హాల్వర్! రమ్మనలేదు. ఎవరూ పిలవకుండా తనంతట తానే బయలుదేరాడు. ఇన్నేళ్లూ తనకి నేనంటే అసహ్యమనుకున్నాను. ఇక నాకీ ఒక్కటి చాలు."

ఆర్డిత్ నా వైపు చూసింది. నేను కాఫీ కప్పులోకి చూస్తూ ఉండిపోయాను, పిరికి వెధవని.

"అవునండీ" అంది ఆర్డిత్. "ఫోన్లో చెప్పాడు. మిమ్మల్ని చూడాలని ఎప్పట్నుంచో ఉందన్నాడు."

"నిజంగానా? ఇంకేమన్నాడు?"

ఇది జరిగి పన్నెండేళ్లు. ఏటా డిసెంబరులో సోల్వెగ్ ఆమెకి ఫోన్ చేసి, ఎల్మర్ ఏమన్నాడో చెప్పమంటుంది. ఆర్డిత్ చెప్తుంది. ఏడాదికో కొత్త మాట కల్పించాలి, లేకపోతే "అంతేనా?" అంటుందట. ఇప్పుడా మాటలు రేడియో గరగరలో ఎల్మర్ గొంతుతోనే తనకి వినపడుతున్నాయంటుంది ఆర్డిత్.

మొన్న కూడా సోల్వెగ్ ఫోన్ పెట్టేయగానే ఆర్డిత్ నాకు చేసింది.

"హాల్వర్, ఈసారి గరగరలో ఎల్మర్ నన్ను తిట్టాడు, ఆ రోజు 'మళ్ళీ చెప్పండి' అనలేదేమని" అంది.