పది మందికి ఒక డబ్బా

రాస్తున్నావా? రాయి. నేను గబగబా మాట్లాడితే ఆపు. నా మాటలను నీ పుస్తకాల్లో ఉన్నట్టు సరిచేసి రాయి, నా మనవరాలు చదువుకున్నదేనని నలుగురూ అంటారు.

పటాన్‌చెరు పక్కన ఒక సర్కారు బడిలో నేను మధ్యాహ్నం వంట చేస్తాను. అది నీకు తెలుసు, చదివేవాళ్లకు తెలియదు. బడి రిజిస్టరులో పేరున్న పిల్లలు తొంభై రెండు మంది. అందరూ ఒకే రోజు వచ్చింది నేనెప్పుడూ చూడలేదు. తండ్రికి కంపెనీ సెలవు ఏ రోజైతే పిల్లలూ ఆ రోజు ఇంట్లోనే. బిహార్ వాళ్లు ఊరికి పోతే నెల దాకా రారు. అందుకని పొద్దున హాజరు కాగానే ఎంతమంది రాలేదో టీచరమ్మ బోర్డు మీద రాస్తుంది. మూడో తరగతిలో ఒకరు దాన్ని తొంభై రెండులోంచి తీసివేసి, వచ్చిన లెక్కను చీటీ మీద రాసి నాకు తెచ్చివ్వాలి. ఆ చీటీ చూసే నేను ఎసరు పెడతాను.

మొన్న వానాకాలంలో ఆ పని ఒక ఆడపిల్లకు వచ్చింది. లెక్క అనగానే పలక బోర్లించి కూర్చునే పిల్ల. ధైర్యం వస్తుందని టీచరమ్మ కావాలనే ఇచ్చింది. నిండు చెంబు మోస్తున్నట్టు చీటీని రెండు చేతులతో పట్టుకుని వచ్చేది. బడిలో ఆమెకు ఎవరైనా పని అప్పజెప్పడం అదే మొదలు.

ఒకరోజు చీటీ మీద అరవై ఆరు ఉంది. ఏడు డబ్బాల బియ్యం పోశాను, అరవై ఆరు గుడ్లు ఉడకబెట్టాను. తీరా చూస్తే తిన్నది యాభై నలుగురు. గంజు గిన్నెలో ఇంకా అన్నం ఉంది, పన్నెండు గుడ్లు మిగిలాయి.

టీచరమ్మకు కోపం వచ్చింది. "రెండుల నుంచి ఎనిమిది పోదని ఎన్నిసార్లు చెప్పిన? ఎన్కకు మల్పి ఎనిమిదిల నుంచి రెండు తీస్తవేంది? శనివారం దాక చూస్త. గప్పటికీ రాకపోతే చీటీ ఇంకొకళ్లకిస్త."

పిల్ల వచ్చి వంటగది వెనక నక్కింది. నేను బియ్యం డబ్బా పట్టుకుని పక్కన కూర్చున్నాను.

"ఇయ్యాల ఎంతమంది రాలేదే?"

"ముప్పై ఎనిమిది, అవ్వా."

"గీ డబ్బ పది మందికి. తొంభై రెండు మందికి ఎన్ని డబ్బలు?"

"తొమ్మిది. ఇంకా జెర."

"ఆ జెర ఇడిసిపెట్టు. ముప్పై ఎనిమిదికి?"

"మూడు… కాదు, నాలుగుకు దగ్గర."

"తొమ్మిదిట్ల నాలుగు పోతే?"

"అయిదు. అంటే యాభై."

"మరి గీ అరవై ఆరు యాడికెళ్లి వచ్చిందే?"

చీటీ వైపు చూసి, ముక్కు తుడుచుకుని నవ్వింది.

ఏంటి? నాకు తీసివేత వస్తుందా అంటావా? పలక మీద రాదు, డబ్బా మీద వస్తుంది. నువ్వు రాయి.

మర్నాడు ముప్పై తొమ్మిది మంది రాలేదు. చీటీ మీద యాభై అని రాసి తెచ్చింది. యాభై గుడ్లు ఉడకబెట్టాను. మూడు తక్కువయ్యాయి. వరసలో చివర నిలబడ్డది ఆ పిల్లే.

"డబ్బ లెక్కనే ఏసిన! నువ్వే నేర్పినవ్ గద అవ్వా!"

నిజమే, తప్పు నాదే. మళ్లీ పొయ్యి వెలిగించి మూడు గుడ్లు ఉడకబెట్టాను. అవి ఉడికేలోపు చెప్పాను. "అన్నం జెర అటిటైనా నడుస్తది. గుడ్డు నడ్వది. ముందు డబ్బలు చూసుకో, ఎన్క పలక మీద లెక్క చెయ్యి. రెండూ పక్కపక్క ఇండ్లల్ల ఉండాలె. ఒకటి ఈడ, ఒకటి సదాశివపేటల ఉన్నయనుకో, మళ్ల చెయ్యి."

డబ్బా లెక్క నేర్పింది నేనే, తప్పు నాదని టీచరమ్మకు కూడా చెప్పాను. ఆమె మాత్రం శనివారం అన్న మాట మార్చలేదు.

శనివారం కుండపోత వాన. నలభై ఏడుగురు రాలేదు. పొయ్యి మీద పప్పు వదిలేసి గరిటెతోనే తరగతి గుమ్మం దగ్గరికి పోయాను. టీచరమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. పిల్ల తొమ్మిది డబ్బాల్లోంచి అయిదు తీసేసి, పలక మూలకు నలభై అని చిన్నగా రాసుకుంది. తర్వాత కింద లెక్క చేసింది. యాభై అయిదు వచ్చింది. వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు.

పిల్ల చెయ్యి ఆగింది. మూలన ఉన్న నలభై చూసింది, కింది యాభై అయిదు చూసింది. అరచేత్తో కిందిది తుడిచేసింది. ఈసారి తొమ్మిది పదుల్లోంచి ఒక పది తెచ్చి రెండుకు కలిపింది. పన్నెండులో ఏడు పోతే అయిదు. ఎనిమిదిలో నాలుగు పోతే నాలుగు. నలభై అయిదు.

"ముందుగాల రాసింది ఎందుకు తుడిచినవ్?" అంది టీచరమ్మ.

"డబ్బలకు శాన దూరమున్నది, టీచర్."

టీచరమ్మకు మొదట అర్థం కాలేదు. నా గరిటె వైపు చూసింది, పలక మూలన నలభై చూసింది. అప్పుడు నవ్వింది. "సోమవారం గూడ చీటీ నువ్వే రాయి."

చీటీ పట్టుకుని పిల్ల వానలో పరుగెత్తుకుంటూ వంటగదికి వచ్చింది.

"అవ్వా, నలభై అయిదు. నాలుగు డబ్బలు పోస్తవా, అయిదా?"

"నువ్వే చెప్పు."

బియ్యం బస్తా వైపు, తర్వాత బయట వాన వైపు చూసింది.

"అయిదు పొయ్. వానల ఆకలెక్కువైతది."