స్వామి వచ్చిండన్నారు

కల్లు మానేసిన మనిషిని మా ఊళ్లో ఎవరూ నమ్మరు. ఒకప్పుడు నా పక్కన కూర్చుని సీసాలు ఖాళీ చేసినవాళ్లే, నేను మానేశాక నా నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేవారు. మా బావమరిది తన కొడుకు పుట్టువెంట్రుకల పండుగలో నలుగురి ముందు, "బావకు ఛాయ్ గూడ సూసి పొయ్యుండ్రి, అండ్ల ఏం కలుపుకుంటడో" అన్నాడు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ నాకు గుర్తుంది.

మాది తిరుమలగిరికి దగ్గరి ఊరు, నేత ఇల్లు. మా ఊరి కల్లు చెట్టు కల్లు కాదు, మందు కల్లు. తాగేవాళ్లు ఎక్కువ, చెట్లు తక్కువ. నీళ్లలో ఏదో పొడి కలిపి నురగ తెప్పించేవారు. ఆ సంగతి తెలియనివారు లేరు. తెలంగాణ వచ్చిన కొత్తలో దాడులు జరిగి ఆ పొడి దొరకకుండా పోయినప్పుడు, ఊళ్లో సగంమంది మగవాళ్లకు చేతులు వణికాయి. నాకూ వణికాయి. పాత పడుగు అయిపోయాక కొత్త పడుగు పోగులను పాతవాటి కొసలకు ఒక్కొక్కటిగా వేళ్లతో మెలిపెట్టి అతకాలి. వణికే చేతితో ఆ పని కాదు. కొన్నాళ్లకు మళ్లీ పొడి వచ్చింది, నేనూ మళ్లీ మొదలుపెట్టాను. ఆ తర్వాత కొన్నేళ్లపాటు పోగులన్నీ నా భార్యే అతికింది. చివరికి ఒకరోజు మగ్గం మీద బట్టను సగంలో వదిలేసి పుట్టింటికి వెళ్లిపోయింది.

ఆమెను తిరిగి తెచ్చింది పెద్దమనుషులు కాదు, అయ్యప్ప మాల. మా వైపు తాగుడు మానాలనుకునేవాడు మాల వేసుకుంటాడు. నల్లబట్టలు కట్టినవాడికి ఎవరూ పోయరు. నిన్నటిదాకా ఒరే అన్నవాడు స్వామి అంటాడు. నేను కల్లు మానేసి మాల వేసుకున్నానని విని నా భార్య వచ్చింది. తెల్లవారకముందే చన్నీళ్లు పోసుకుని, ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండి, నన్ను కూడా "స్వామి" అనే పిలిచింది. మా బావమరిది సైతం ఇంటికొచ్చి వంగి నా కాళ్లకు మొక్కాల్సి వచ్చింది. ఆ రోజు వాడిని తొందరగా లేవనివ్వలేదు.

ఒక సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు. తిరుమలగిరిలోని మందుల దుకాణంలో నిద్రగోలీలు కొనుక్కుంటున్నాను. వేసుకుంటే చెయ్యి నిలిచేది, పోగు అతికేది. జ్వరానికి గోలీ వేసుకుంటే దీక్ష చెడుతుందా? ఇదీ అంతే అనుకున్నాను. తప్పు కానప్పుడు దాచడం ఎందుకని మాత్రం నన్ను నేను అడగలేదు.

ఒకనాడు దుకాణదారు ఇవ్వనన్నాడు. "డాక్టర్ చీటీ తే. నల్లబట్టలేసుకొని గీ గోలీలు అడుగుతున్నవ్, సిగ్గనిపిస్తలేదా?" అన్నాడు. అంతకుముందు చీటీ లేకుండా అమ్మింది వాడే.

రెండు మూడు రోజులకు, నాకు మాల వేసిన గురుస్వామి ఇంట్లో పడిపూజ జరిగింది. గది నిండా కర్పూరం పొగ, డప్పు, భజన. డప్పు ఊపందుకున్నంతవరకే నాకు గుర్తుంది. కళ్లు తెరిచేసరికి నేల మీద ఉన్నాను. నాలుక కొరుక్కుపోయింది, నోట్లో విభూతి. చుట్టూ ఒకటే అరుపు.

"స్వామి వచ్చిండు! స్వామి వచ్చిండు! జరుగుండ్రి, గాలి రానియ్యుండ్రి!"

మా వెనకింటి అవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చి నా కాళ్లు పట్టుకుంది. "స్వామీ, నా బిడ్డ కడుపు పండుతదా? పట్నం దవాఖానల పైసలు కట్టమంటున్నరు. పోవాల్నా, నువ్వే ఇస్తవా?"

నా తల నిలవడం లేదు, ఊగుతోంది. ఆ ఊపునే ఆమె జవాబు అనుకుంది. "ఇస్తనన్నడు!" అని ఏడ్చింది. ఆమె వెనకే నా భార్య కూడా వంగి నా పాదాలను కళ్లకద్దుకుంది.

నాకు వచ్చింది దేవుడు కాదని ఆ క్షణంలోనే తెలుసు. కల్లులో పొడి ఆగిపోయినప్పుడు ఊళ్లో ఒకరిద్దరు ఇలాగే కొట్టుకుంటూ పడిపోవడం చూశాను. అయినా నోరు మెదపలేదు. మరుసటి రోజు నుంచి ఇంటికి కొబ్బరికాయలు వచ్చాయి. స్వాములకు పెట్టే భిక్షలో నాకు ముందు వరుసలో ఆకు వేశారు. ఊరు నాకిచ్చిన మర్యాద నా జన్మలో అదొక్కటే. దాన్ని వదులుకోవాలనిపించలేదు.

గోలీలు మళ్లీ దొరకలేదు, ఆ వారంలోనే రెండోసారి మగ్గం దగ్గర పడ్డాను. అప్పుడు డప్పు లేదు, కర్పూరం లేదు. కళ్లు తేలేయడం, బట్టలు తడవడం నా భార్య ఒక్కతే చూసింది. బావమరిదిని పిలిచి నన్ను నల్లగొండ దవాఖానకు తీసుకెళ్లింది.

కాస్త కోలుకున్నాక వ్యసనాలు మాన్పించే విభాగానికి పంపారు. అక్కడి కౌన్సిలర్ చిన్న వయసు మనిషి. నన్ను వదిలేసి నా భార్యతోనే మాట్లాడడం మొదలుపెట్టింది. అది నాకు నచ్చలేదు. తర్వాత నా వైపు తిరిగి, "కల్లు మానినంక నిద్రకు ఏమన్న వాడిండ్రా?" అంది.

"గోలీలు. అవి దవాఖాన మందే గదమ్మా."

"మీ ఊరి కల్లుల కలిపేది గూడ గదే జాతి మందు. మీరు సీస మార్చిండ్రు, అంతే."

ఆమె తిట్టలేదు. బీడీ మానినప్పుడు ఏం మొదలైంది, గుట్కా మానినప్పుడు ఏం మొదలైంది అని వరసగా అడిగింది. బీడీ తర్వాత గుట్కా, గుట్కా తర్వాత ఎక్కువ కల్లు, కల్లు తర్వాత గోలీ. ఒకటి లేచిపోగానే ఆ జాగాలో ఇంకొకటి వచ్చి కూర్చుందని నా నోటితోనే చెప్పించింది.

"అలగుడు గూడ రాసుకో మేడం. అది ఎన్నడు మానలే" అంది నా భార్య. బావమరిది మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు.

గోలీలు ఒక్కసారిగా ఆపినందుకే ఫిట్స్ వచ్చాయని, ఇక డాక్టర్ రాసిచ్చినట్టు వేసుకుంటూ కొద్దికొద్దిగా తగ్గించాలని, అవి భార్య చేతిలోనే ఉండాలని కౌన్సిలర్ చెప్పింది. ప్రతి వారం ఇద్దరూ రావాలంది.

వరండాలోకి రాగానే నా భార్య అంది, "నీ కాళ్లు మొక్కిన గదా."

"నేను మొక్కమన్ననా?"

"బావా, జర నోరు మూస్కో" అన్నాడు బావమరిది.

ఆమె నా మెడలోని మాల వైపు చెయ్యి చూపింది. "మాల సూసి వచ్చిన నేను. గది అబద్ధమైతే నేను ఉండుడెందుకు? ఆ అవ్వ పట్నం పోవద్దని బిడ్డకు చెప్పింది. నువ్వు పొయ్యి నిజం చెప్పు. చెప్తె ఉంట. లేకుంటే గిటు నుంచి గిటే మా తల్లిగారింటికి పోత."

ఊరికి రాగానే గురుస్వామి దగ్గరికి వెళ్లి సంగతి చెప్పాను. నా మెడలోంచి మాల తీస్తున్నంతసేపూ ఆయన నా మొహం చూడలేదు. నేను అడగకుండానే నన్ను దేవుణ్ణి చేసింది వాళ్లు కదా అని నోటిదాకా వచ్చింది. అనలేదు.

నా భార్యతో వెనకింటికి వెళ్లేసరికి అవ్వ వాకిట్లో తొక్కుకు చింతకాయలు దంచుతోంది. నన్ను చూసి లేవబోయింది. "లేవకు అవ్వా. ఆనాడు నాకు స్వామి రాలే. గోలీలు దొరక్క ఫిట్స్ వచ్చినయి" అన్నాను.

ఆమె చింతకాయలు పక్కకు నెట్టింది. "మరి తలకాయ ఎందుకూపినవ్, కొడుకా?"

"ఊపలే. అదే ఊగింది."

"తెల్లారి టెంకాయలు తెచ్చిన గదా. అప్పుడన్న చెప్తె అయిపోతుండె గదా."

ఆమె కొంగులోంచి ఫోన్ తీసి, ఒక బటన్ నొక్కి నా చేతిలో పెట్టింది. "నా నోట రాదు. నువ్వే చెప్పు దానికి."

అటు నుంచి ఆమె కూతురు ఎత్తింది. ఎవరో చెప్పాను.

"స్వామీ, మీరా! చెప్పుండ్రి స్వామీ" అంది. ఆ గొంతులోని సంతోషం ఇప్పటికీ నా చెవిలో ఉంది.

చెప్పాను. ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది. తిడితే బాగుండునని జీవితంలో మొదటిసారి అనిపించింది.

నా భార్య దర్వాజ దగ్గర నిలబడి అంతా విన్నది. బయటికి నడిచింది. ఆ సందు చివర ఎడమకు తిరిగితే బస్సులు ఆగే జాగా, కుడికి తిరిగితే మా ఇల్లు. ఆమె వెనకాలే, అడగడానికి మొహం చెల్లక, తల వంచుకుని నడిచాను. ఆమె కుడికి తిరిగింది.