కారులో భయం ఎవరిది?

వదినగారి మరదలికి ఒక్కటే జబ్బు. మనసులో ఏం పుట్టినా పుట్టిన క్షణంలోనే పైకి ప్రకటిస్తుంది. కోపమొస్తే కోపమొచ్చిందని, దిగులేస్తే దిగులేసిందని, రైల్వే స్టేషన్లో బండ్ల రాకపోకలు చెప్పినంత స్పష్టంగా చెబుతుంది. చివర్లో మర్యాదగా, "ఇది నాది, మీ తప్పేం కాదు" అని ఒక ముక్క చేరుస్తుంది.

మరదలంటే తమ్ముడి భార్య. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. ఒకప్పుడు ఆమె నోటికి జడిసి, నేర్చుకునేవాళ్ళు సిగ్నల్ దగ్గరే దిగి బస్సెక్కి ఇంటికి పోయేవారు. ఓ పెద్దాయన ఇంజన్ కూడా ఆపకుండా దిగిపోయాడు. దాంతో స్కూలు యజమాని, కాస్త నోరు అదుపులో పెట్టుకోమని చేతులు జోడించాడు. ఆమె కౌన్సిలింగ్‌కు వెళ్ళింది. కొన్ని నెలల తర్వాత కౌన్సిలరమ్మ, "ఇక నా దగ్గరికి రానక్కర్లేదు. లోపల ఏం జరుగుతోందో మీకు మీరే గమనించుకుంటూ ఉండండి, చాలు" అని పంపేసింది. గమనించుకోమంది గాని చాటింపు వేయమనలేదు. ఆ తేడా మరదలి చెవికెక్కలేదు.

మొదటి దెబ్బ మొగుడికే తగిలింది.

"ఏమండీ, ఈ కూర తింటుంటే నాకు నిరాశగా ఉంది. ఇది నా నిరాశ, మీ తప్పేం కాదు."

"నా తప్పే. ఉప్పు మర్చిపోయాను" అన్నాడాయన.

తర్వాత స్కూల్లో నేర్చుకునేవాళ్ళ వంతు. "బాబూ, నువ్వు అటు వెళ్తుంటే నాకు ఆందోళనగా ఉంది. ఆందోళన నాది. గోడ మాత్రం పక్కవాళ్ళది."

వదినగారికి ఇదంతా ఒళ్ళుమంట. మనసులో మాట ఏనాడూ పైకి చెప్పిన మనిషి కాదావిడ. పురిటి నొప్పులు వచ్చినప్పుడు కూడా "కాస్త నడుం పట్టేసింది" అందట! అలాంటావిడ యాభై దాటాక కారు నేర్చుకోవాల్సి వచ్చింది. భర్తకి మోకాలి ఆపరేషన్ అయింది. వ్యాయామం కోసం ఆయన్ని ఆస్పత్రికి తిప్పాలి. స్కూలు కారులో నేర్పే పని మరదలి మీదే పడింది.

సందుల్లో వదినగారు బాగానే నడిపేది. నాలుగు రోడ్ల కూడలి కనిపించేసరికి ఏదో ఒక వంక. చెప్పు జారుతోంది. అద్దం మసకగా ఉంది. ఒకరోజు ఏమీ దొరక్క, ఎండ మొహాన కొడుతోందంది. ఆ రోజు మబ్బు. పైగా విసుగంతా మరదలి మీద. "పక్కన కూర్చుని నువ్వలా గొణుగుతుంటే ఎలా నడపమంటావే?" అని కారు ఆపేసేది.

ఒకనాడు కూడలికి కాస్త ముందు మరదలు అంది, "వదినా, నాకు భయంగా ఉంది."

"నీకా?"

"కాళ్ళు వణుకుతున్నాయి. ఆ లారీలను చూస్తుంటే గొంతు ఎండిపోతోంది. ఇది నా భయం, మీ తప్పేం కాదు."

ఆశ్చర్యంలో వదినగారు వంక వెతుక్కోవడమే మర్చిపోయింది.

"ఇన్నేళ్ళుగా నేర్పుతున్నావు, భయమేమిటే! ఆ నీళ్ళు తాగు. లారీల వైపు చూడకు. నేను మెల్లగా పోనిస్తాలే."

పోనిచ్చింది. నడి కూడలిలో కారు ఆగిపోయింది. వెనక హారన్లు. "కంగారుపడకు, నేనున్నాగా" అని మరదలికి ధైర్యం చెబుతూనే మళ్ళీ స్టార్ట్ చేసి అవతలికి చేరింది. ఆపైన రోజూ అదే తంతు. మరదలు వణకడం, వదినగారు ఓదార్చడం, కారు కూడలి దాటడం.

లైసెన్సు చేతికొచ్చిన సాయంత్రం వదినగారు తమ్ముడింటికొచ్చి గొప్పగా చెప్పింది.

"నీ పెళ్ళాం ఉత్త పిరికిదిరా! కూడలి దగ్గర రోజూ వణికిపోయేది. నేను కాబట్టి ధైర్యం చెప్పుకొచ్చాను."

"దానికి భయమా? అక్కా, బస్సు డ్రైవర్లకే అక్కడ నేర్పిన మనిషి అది. మొన్న నేను నడుపుతుంటే అదే కూడలిలో గురక పెట్టింది."

వదినగారు లేచి తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. మరదలు కప్పులు కడుగుతోంది.

"మనసులో ఉన్నదే చెబుతానని అందరి చెవులూ చిల్లులు పొడుస్తావు. నా దగ్గర మాత్రం అబద్ధమా?"

"అబద్ధం కాదు వదినా. కారులో భయం ఉన్న మాట నిజమే. ఎవరిదన్న దగ్గరే కాస్త సర్దాను."

మరదలు కడిగిన కప్పు పక్కన పెట్టింది. మెల్లగా అంది, "ఒకప్పుడు నేను అరిచిన అరుపులన్నీ భయమే వదినా. ఆ ముక్క తెలియడానికే కౌన్సిలింగ్‌లో నెలలు పట్టింది. ఇప్పటికీ విసుగొస్తే, ఇది కోపమా భయమా అని వెతుక్కుంటూనే ఉన్నాను. మీరు నామీద విసుక్కుంటుంటే నన్ను నేను చూసుకున్నట్టే ఉంది."

వదినగారు కడిగిన కప్పు తీసుకుని తుడిచింది. ఆరిన తర్వాత కూడా తుడుస్తూనే ఉంది.

"రేపు మీ అన్నయ్యని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. నువ్వూ రా."

"ఏం వదినా?"

"భయంగా ఉంది."

"ఎవరికి?"

"నాకేనే!"

మరదలి మొహం వెలిగిపోయింది. "వస్తాను. అన్నయ్యగారు ముందు సీట్లో కాళ్ళు చాపుకుంటారు. నేను వెనక కూర్చుంటాను."

"వెనకా? అక్కడ నీకు బ్రేకు అందదు కదే!"

"మీ కారులో ఎక్కడ కూర్చున్నా అందదు వదినా. నా వైపు బ్రేకుండేది స్కూలు కారులోనే."

"మరెలా?"

"మీకుందిగా!"